అడవినాభి దుంపలు కుండీలో: ఎలా పడుకోబెట్టాలి, నీళ్లు ఎప్పుడు ఆపాలి?

మేడతోట_నెల్లూరు (మే 30)

నమస్కారమండీ. నర్సరీ నుంచి అడవినాభి దుంపలు నాలుగు తెప్పించాను. వానాకాలంలో అడవి అంచుల్లో, కంచెల మీద ఎరుపు పసుపు కలిసి పూసే తీగ, ఆకు కొసే నులితీగగా మారి పాకుతుంది చూడండి, అదే. అగ్నిశిఖ అనీ, పొత్తిదుంప అనీ కూడా అంటారు. చీటీ మీద గ్లోరియోసా సుపర్బా అని రాసి ఉంది.

వచ్చిన సరుకులో రెండు దుంపలకు రెండేసి కొమ్ములున్నాయి, ఒక్కో కొమ్ము జానెడు పొడవు. ఒకటి ఒంటి కొమ్ముది. నాలుగోదానికి ఒక కొమ్ము కొస దారిలోనే విరిగింది, విరిగిన చోట తెల్లగా పిండిగా ఉంది.

మేడ మీద మధ్యాహ్నం రెండింటి దాకా ఎండ ఉంటుంది. 14 అంగుళాల కుండీలు, ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరిపొట్టు, మాగిన పశువుల ఎరువు ఉన్నాయి. నిలువుగా నాటాలా, అడ్డంగానా? ఎంత లోతు? విరిగిన దుంప పనికొస్తుందా? మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పటికి దుంప నిద్రపోయే వేళవుతుందంటున్నారు, మరి కుళ్లకుండా ఏం చేయాలి? ఇంట్లో ఐదేళ్ల పాప, ఒక కుక్క ఉన్నాయి, ఆ సంగతీ చెప్పండి.


దుంపజాతి_హైదరాబాద్

మేడతోట గారూ, ముందు చేతికి తొడుగులు వేసుకుని ప్రతి కొమ్ము కొసా చూడండి. ఈ దుంపకు కళ్లు ఒంటినిండా ఉండవు. సాధారణంగా ఒక్కో కొమ్ముకు ఒక్కటే మొలక మొగ్గ, అదీ సరిగ్గా కొసన. కాబట్టి బంగాళాదుంపను కోసినట్టు ముక్కలు చేసి నాటడం ఇక్కడ కుదరదు. నడిమి ముక్క ఎంత లావుగా ఉన్నా అందులోంచి మొక్క రాదు. అదే రెండు కొమ్ములకూ కొసలు బాగుంటే, కొమ్ములు కలిసే మెడ దగ్గర విడదీసి రెండు మొక్కలుగా పెంచుకోవచ్చు. విడదీసిన చోట బూడిద గానీ గంధకం పొడి గానీ అద్ది, రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి. పచ్చి గాయంతో తడి మట్టిలో పెడితే కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది.

కొస మొగ్గ కొంచెం ఉబ్బి, లేత పసుపుగానో తెల్లగానో మొన తేలి ఉంటే దుంప నిద్ర లేచినట్టే, వెంటనే నాటేయండి. ఇంకా గోధుమ రంగులో మొద్దుగా ఉంటే తొందరపడొద్దు. గాలి తగిలే నీడలో పొడి ఇసుకలో ఉంచి వారానికోసారి చూడండి. నిద్రలో ఉన్న దుంపను తడి మట్టిలో పెట్టి రోజూ నీళ్లు పోస్తే మొలక తొందరగా ఏమీ రాదు, కుళ్లు మాత్రం వస్తుంది. మృగశిర కార్తె అటూ ఇటుగా చాలావరకు లేస్తాయి.

మీ నాలుగోదాంట్లో విరిగిన కొమ్ము మీద ఆశ పెట్టుకోకండి. దాని రెండో కొమ్ముకు కొస ఉంటే దాన్నే నాటండి. విరిగిన కొమ్మును కోసి పారేయకుండా దానికే ఉంచితే ఆ కొస మొలకకు కూడా తిండి పెడుతుంది. గాయం మాత్రం పూర్తిగా ఆరి, గట్టిగా పొర కట్టి ఉండాలి.

ఇక నాటడం. అడ్డంగానే. దుంప బల్లపరుపుగా పడుకోవాలి, కొస మాత్రం వెంట్రుకవాసి పైకి చూస్తే మేలు. పైన రెండున్నర, మూడు అంగుళాల మట్టి చాలు. నిలువుగా గుచ్చితే కొస పైకి ఉన్నప్పుడు మొలక బాగానే వస్తుంది కానీ, జానెడు దుంప కింది సగం కుండీ అడుగున నీరు నిలిచే చోటికి దిగిపోతుంది. పొరపాటున కొస కిందికి పోతే మొలక వంకర తిరిగి పైకి రావడానికే బలమంతా ఖర్చయిపోతుంది.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. మొలక వచ్చేది కొస నుంచి కదా, దుంప మధ్యభాగాన్ని కుండీ నడుమ పెడితే కొస వెళ్లి గోడకు తగులుతుంది. మొలక అంచున లేచి, వేడెక్కిన కుండీ గోడకు రాసుకుంటుంది. కొస వీలైనంత కుండీ నడుమకు వచ్చేలా దుంపను ఒక పక్కకు జరిపి పడుకోబెట్టండి. 14 అంగుళాల కుండీకి ఒక్క కొమ్ము, మహా అయితే ఎదురెదురుగా రెండు.

మట్టి: ఎర్రమట్టి రెండు వంతులు, ముతక ఇసుక ఒక వంతు, బాగా మాగిన ఎరువు ఒక వంతు. గుప్పెడు వేపపిండి కలపండి. కొబ్బరిపొట్టు ఈ మిశ్రమంలో వద్దు. పై పొర ఆరినట్టు కనిపిస్తుంది, లోపల రోజుల తరబడి తడి పట్టి ఉంటుంది, ఈ దుంపకు అదే చేటు. అడుగున రంధ్రాలు కనీసం నాలుగు ఉండాలి, కుండీని ఇటుకల మీద ఎత్తి పెట్టండి.

కర్రలు నాటిన రోజే గుచ్చేయండి. మొలక వచ్చాక గుచ్చితే దుంపకో మొలకకో తగులుతుంది. ఈ మొలక లేత ములక్కాడ కంటే పెళుసు, వేలితో పక్కకు జరిపినా పుటుక్కున విరుగుతుంది. విరిగితే చాలావరకు ఆ ఏటికి పూలు లేనట్టే.


ఉద్యాన_కడప

పై జవాబులో నాటే పద్ధతి అంతా సరైనదే. తోటల్లో వేసేవాళ్లు 50 నుంచి 60 గ్రాముల దుంపలు ఎంచుకుంటారు. మీవి జానెడు పొడవున్నాయంటే ఆ లెక్కకు రావచ్చు, తూచి చూడండి. చిటికెన వేలంత సన్నగా ఉన్నవి ఈ ఏడు ఆకులతోనే ఆగిపోవచ్చు, దుంప చెడిపోయిందనుకుని పారేయకండి.

దుంప శుద్ధి గురించి ఒక మాట. తమిళనాడులో కరూరు, దిండిగల్, తిరుప్పూరు వైపు విత్తనాల కోసం దీన్ని పంటగా వేస్తారు. గింజల్లోని కాల్చిసిన్‌ను మందుల కంపెనీలు తీసుకుంటాయి, గౌట్ అనే కీళ్లవాతానికి వాడే మందు అదే. అక్కడ నాటే ముందు లీటరు నీటికి ఒక గ్రాము కార్బెండజిమ్ (బూజు తెగుళ్ల మందు) కలిపి 20 నుంచి 30 నిమిషాలు దుంపలు ముంచి, నీడలో ఆరబెట్టి నాటుతారు. మీ నాలుగు దుంపలకూ అది చేయొచ్చు. వద్దనుకుంటే ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అణిచే మేలైన బూజు) కలిపిన ఎరువు వాడండి. రెండూ ఒకేసారి మాత్రం వద్దు, కార్బెండజిమ్ ట్రైకోడెర్మాను కూడా చంపేస్తుంది. ముందు ముంచి ఉంటే రెండు మూడు వారాలు ఆగి ట్రైకోడెర్మా వేయండి.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. తెలంగాణలో, రాయలసీమ పైభాగంలో ఈ మొక్క నడవడి వానలతో సరిపోతుంది. జూన్‌లో లేస్తుంది, శ్రావణ భాద్రపదాల్లో పూస్తుంది, వానలు వెనక్కి తగ్గాక ఎండిపోతుంది. నెల్లూరు, తిరుపతి, ప్రకాశం దక్షిణ భాగం వాళ్లకు లెక్క తిరగబడుతుంది. నాటిన దగ్గర్నుంచి తీగ ఎండేదాకా ఐదున్నర, ఆరు నెలలు. జూన్ మొదట్లో నాటితే నవంబరు ఆఖరుకు తీగ వాలుతుంది, సరిగ్గా మీకు వాయుగుండాలు వచ్చే రోజులవి.

అందుకని మీరు చేయాల్సింది ఇది. జూన్, జులైలో మీ దగ్గర నీళ్లు మీరే పోయాలి. పై అంగుళం మట్టి వేలికి పొడిగా తగిలాక కుండీ అడుగు నుంచి కారేదాకా పోసి, మళ్లీ ఆరేదాకా ముట్టుకోవద్దు. మొలక నేల దాటక ముందు ఇంకా తక్కువ, పైన చల్లితే చాలు. పూలు ఉన్నంతకాలం తడి ఆడుతూ ఉండాలి. ఆఖరి పూలు వాడి కాయలు ముదిరేటప్పటికి నీళ్లు సగానికి తగ్గించండి. ఆకులు పై నుంచి కింది దాకా ఒకేసారి పసుపెక్కడం మొదలైతే పూర్తిగా ఆపేయండి. ఆ రోజు నుంచి కుండీ మీద వాన పడకూడదు. రేకుల కిందికో, మెట్ల గదిలోకో జరపాలి. జరపలేనంత బరువుంటే ముందే చక్రాల పీట మీద పెట్టుకోండి.

పసుపు రంగును సరిగా చదవడం రావాలి. ఆగస్టులో, ఇంకా మొగ్గలుండగానే, కింది ఆకులు మాత్రమే పసుపెక్కి మెత్తబడితే నీరు ఎక్కువైంది. కాండం నేలను తాకే చోట చూడండి. అక్కడ నీరు పట్టినట్టు నల్లబడి, తెల్లటి దారాలు, ఆవగింజంత గోధుమ రంగు గుండ్రని గింజలు కనిపిస్తే అది స్క్లెరోషియం కుళ్లు. ఆ కుండీ మట్టిని మరో మొక్కకు వాడొద్దు, ఆ గింజలు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. దుంప గట్టిగా ఉంటే కడిగి, మెత్తబడ్డ భాగం కోసి, శుద్ధి చేసి, ఆరబెట్టి కొత్త మట్టిలోకి మార్చడం ఒక్కటే దారి. కొస దాకా మెత్తబడితే ఏమీ చేయలేం.

ఎరువు విషయంలో ఎక్కువ చేయొద్దు. యూరియా జోలికి పోతే తీగ ఎనిమిది అడుగులు పోతుంది, పూలు రావు, కాండం మెత్తబడి తెగుళ్లకు లొంగుతుంది. మొగ్గ పట్టేదాకా నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు, మొగ్గ కనిపించాక కొంచెం పొటాష్. అంతే.


పశువైద్యం_ఒంగోలు

పాప, కుక్క అన్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి.

మొక్క మొత్తం విషమే. దుంప, గింజ అన్నిటికంటే ప్రమాదం. కాల్చిసిన్ ఉడికించినా పోదు. చిలగడదుంప అనుకుని ఉడకబెట్టుకుని తిని చనిపోయినవాళ్లు ఉన్నారు, శ్రీలంకలో మొక్కల విషాల మీద రాసిన వైద్య పత్రాల్లో ఈ మొక్క పేరు పదేపదే వస్తుంది. తిన్న వెంటనే ఏమీ తెలియదు. రెండు గంటల తర్వాతనో, కొన్నిసార్లు అర్ధరోజు తర్వాతనో గొంతు మంట, ఆగని వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. మర్నాటి నుంచి గుండె, మూత్రపిండాలు, ఎముక మూలుగ దెబ్బతింటాయి. దీనికి మామూలు ఆసుపత్రుల్లో దొరికే విరుగుడు మందంటూ లేదు, చేసేదంతా ఒంట్లో నీరు పోకుండా, అవయవాలు ఆగిపోకుండా కాపాడే చికిత్సే. కాబట్టి 'తిన్నట్టుంది, కానీ బాగానే ఉంది' అని ఆగకూడదు. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, కొరికిన దుంప ముక్క గానీ ఆకు గానీ వెంట తీసుకెళ్లాలి. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం వద్దు.

ఇంట్లో పాటించాల్సినవి: దుంపలను ఉల్లిపాయల బుట్ట దగ్గర, వంటింట్లో, ఫ్రిజ్‌లో ఎప్పుడూ పెట్టొద్దు. మూత ఉన్న డబ్బాకు గాలి రంధ్రాలు చేసి, 'విషం, తినరాదు' అని రాసి, తాళం ఉన్న చోట పెట్టండి. దుంప ముట్టుకున్న చేతితో కన్ను నలపొద్దు. కత్తి, చేతి తొడుగులు తోటపనికే కేటాయించండి. కోసిన తీగలను పశువులు, మేకలు తిరిగే చోట పడేయొద్దు, మేత గడ్డిలో కలవనివ్వొద్దు.

కాయ పగిలినప్పుడు నారింజ ఎరుపు గింజలు వరుసగా మెరుస్తూ కనిపిస్తాయి. పిల్లల చెయ్యి మొదట పోయేది వాటి మీదికే. పాప స్వయంగా మేడ ఎక్కగలిగితే ఈ ఏడు కాయలు పట్టనివ్వకండి, పువ్వు వాడగానే తుంచేయండి. కుక్కకు మట్టి తవ్వే అలవాటుంటే కుండీ మీద ఇనుప జల్లెడ బిగించండి, నేలలో మాత్రం నాటొద్దు. మేడకు తలుపు, గడియ లేకపోతే పాప కొంచెం పెద్దదయ్యేదాకా ఈ మొక్క వద్దనే నా సలహా.

ఇంకొకటి. కాన్పు తేలిగ్గా అవుతుందని, తేలు కుట్టిన చోట పనిచేస్తుందని దుంప గంధం తీసి పూసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి ఎవరూ చేయొద్దు.


మేడతోట_నెల్లూరు

చాలా ధన్యవాదాలండీ అందరికీ. మేడకు తలుపు, తాళం రెండూ ఉన్నాయి. కాయలు పట్టనివ్వను. దుంపలు తూచాను, పెద్దవి రెండూ 70 గ్రాములు దాటాయి, ఒంటి కొమ్ముది 40. ఒక్క సందేహం మిగిలింది: కర్రలు ఏవి, ఎంత లావు? ఇంట్లో లావు వెదురు బొంగులు ఉన్నాయి.


నల్లమల_అంచు

వెదురు బొంగు నిలబెట్టడానికి పనికొస్తుంది, పాకడానికి పనికిరాదు. ఈ తీగ చిక్కుడులా కర్రను చుట్టుకుంటూ పైకి పోదు. దాని పట్టంతా ఆకు కొసలోనే. ఆకు కొస సన్నబడి, ఏదైనా తగిలితే ఒకటి రెండు మెలికలు తిరిగి బిగుసుకుంటుంది. ఆ మెలిక పెన్సిలంత లావు దాకా పట్టుకోగలదు, అంతకంటే లావైతే జారిపోతుంది. అడవిలో చూస్తే ఎప్పుడూ సన్నటి కొమ్మల గుబురు పొదల మీదే ఎక్కి ఉంటుంది, చెట్టు మాను మీద కనిపించదు.

బొంగులు మూడు త్రికోణంగా పాతి, వాటి చుట్టూ నాలుగేసి అంగుళాలకు ఒక వరస పురికొస కట్టండి. ఇంకా మంచిది ఎండిన బందారు కంప. సన్నగా, గట్టిగా, చిక్కటి కొమ్మలతో ఉంటుంది, వానకు తొందరగా చీకదు. తమిళనాడు తోటల్లోనూ ఈ తీగ ఎక్కడానికి దాన్నే వాడతారు. ఐదారు అడుగుల ఎత్తు చాలు, మేడ మీద గాలికి ఇంకా పైకి పోనివ్వకపోవడమే మేలు. తీగను మీరు చేత్తో తిప్పి కట్టే పని పెట్టుకోకండి, విరుగుతుంది. ఆకు కొసకు పురికొసను దగ్గరగా జరపండి, మిగతాది అదే చూసుకుంటుంది.

ఎండ గురించి కూడా. ఆకురాల్చే అడవి అంచున దీని తల ఎండలో ఉంటుంది, అడుగు మాత్రం రాలిన ఆకుల కింద చల్లగా ఉంటుంది. మేడ మీద అది తిరగబడుతుంది, కుండీ గోడ కాలిపోయి వేర్లు ఉడుకుతాయి. కుండీ చుట్టూ గోనెసంచి చుట్టి, మట్టి మీద బెత్తెడు మందం ఎండుటాకులు పరవండి. మొలక లేచే చోట మాత్రం కొంచెం ఖాళీ ఉంచండి.

చదివే మిగతావాళ్లకు ఒక విన్నపం. పూలు చూసి ముచ్చటపడి అడవిలో దుంప తవ్వకండి. పూత మీద తవ్వితే పాత దుంప కరిగిపోయి ఉంటుంది, కొత్త దుంప ఇంకా ముదరదు, తెచ్చింది ఇంట్లో బతకదు, అక్కడ విత్తనమూ పడదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా తవ్వడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం కూడా. దుంపల వ్యాపారం కోసం తవ్వేయడం వల్లనే కొన్ని గట్ల మీద ఈ తీగ కనబడకుండా పోతోంది. కొనేటప్పుడు నర్సరీవాళ్లను ఎక్కడి నుంచి వచ్చాయని అడగండి. గునపం గాట్లతో, చిన్నా పెద్దా కలగలిపి, వేళ కాని వేళ పచ్చిగా వచ్చే సరుకు తీసుకోకండి. మూలికల దుకాణంలో నాభి అని అమ్మే ఎండు దుంప మొలవదు. పైగా అది హిమాలయాల వత్సనాభి కూడా కావచ్చు, అది వేరే మొక్క, అంతకంటే తీవ్రమైన విషం.


డాలస్_పెరడు

అమెరికాలో ఉన్నవాళ్లకు: ఇక్కడ 'రోత్‌షిల్డియానా' పేరుతో అమ్మేది కూడా ఈ మొక్కే, ఒక రకం. మంచు భయం పూర్తిగా పోయాక, మట్టి వేడెక్కాక నాటండి, చల్లటి తడి మట్టిలో దుంప కదలదు. శీతాకాలం మట్టి గడ్డకట్టే చోట దుంపలు తీసి ఇంట్లో పొడిగా దాచాలి. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ఉన్నవాళ్లు మాత్రం నాటొద్దు, అక్కడ ఇసుక దిబ్బల మీద ఇది కలుపుగా పాకి స్థానిక మొక్కలను అణిచేస్తోంది.


మేడతోట_నెల్లూరు (సెప్టెంబరు 6)

నాలుగూ మొలిచాయి, విరిగిన దుంప రెండో కొమ్ముతో సహా. పెద్దవి రెండూ పూస్తున్నాయి. పూరేకుల అడుగు పసుపు, పైభాగం ఎరుపు, కొన్ని రోజులకు మొత్తం ముదురు ఎరుపు అవుతున్నాయి. ఇప్పుడు రెండు సందేహాలు. ఒకటి, నల్లటి పురుగులు, ఒంటి మీద తెల్లటి, నారింజ చుక్కలు, రాత్రికి రాత్రే ఆకులు తినేస్తున్నాయి, ఒక మొగ్గ కూడా పోయింది. రెండు, పాపను వాళ్ల అమ్మమ్మ గారింట్లో చదివిస్తున్నాం, ఏప్రిల్ దాకా ఇక్కడికి రాదు. అందుకని ఒక మొక్కకు కాయలు పట్టించి చూడాలని ఉంది. కాయ దానంతటదే కట్టడం లేదు.


ఉద్యాన_కడప

పురుగు లిల్లీ చిమ్మట లార్వా. దాని శాస్త్రీయ నామంలోనే మీ మొక్క ఉంది: పాలిటెలా గ్లోరియోసే. క్రైనమ్, లిల్లీ కుండీలు దగ్గర్లో ఉంటే వాటినీ చూడండి, అవీ దానికి ఇష్టమే. ఆ మెరిసే చుక్కలు పక్షులకు హెచ్చరిక, కాబట్టి పిట్టలు ఏరుకుంటాయని ఎదురుచూడొద్దు.

నాలుగు మొక్కలకు మందు అక్కర్లేదు. పొద్దున్నే, సాయంత్రం చేతి తొడుగుతో ఏరి సబ్బునీళ్లలో వేయండి. ఆకు అడుగున గుంపుగా గుడ్లుంటే ఆ ఆకును తుంచేయండి. చిన్న పురుగులు గుంపుగా ఉన్నప్పుడే పట్టుకుంటే పని సగం తగ్గుతుంది, పెద్దవయ్యాక విడిపోయి తీగంతా ఎక్కుతాయి. ఏరలేనన్ని ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా ద్రవ సబ్బు కలిపి ఎండ వాలాక కొట్టండి. విచ్చిన పూల మీద పడనివ్వొద్దు, రేకులు మచ్చలు పడతాయి. ఇవి కోశస్థ దశకు మట్టిలోకి దిగుతాయి, అందుకని పరిచిన ఎండుటాకులను ఒకసారి తీసి దులిపి మళ్లీ పరవండి.


దుంపజాతి_హైదరాబాద్

కాయ ఎందుకు కట్టడం లేదో పువ్వును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. రేకులు ఆరూ వెనక్కి మడిచి పైకి లేస్తాయి. ఆరు కేసరాలు చుట్టూ బయటికి చాచి ఉంటాయి. కీలం మాత్రం అండాశయం దగ్గరే సూటిగా లంబకోణంలో పక్కకు తిరిగి, పుప్పొడికి దూరంగా పోయి, కొసన మూడు చీలికలుగా ఉంటుంది. ఆ పువ్వు పుప్పొడి ఆ పువ్వు కీలానికే అంటకుండా ఉండే ఏర్పాటు అది. బయట ఈ పని పెద్ద సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు చేస్తాయి, తేనె కోసం వచ్చి వాలినప్పుడు రెక్కలకో రొమ్ముకో పుప్పొడి అంటుకుంటుంది. మేడ మీదికి అవి అంతగా రావు.

చేత్తో చేయండి. పొద్దున 8 నుంచి 11 లోపు, కేసరం పగిలి పసుపు పొడి కనిపించే పువ్వు నుంచి మెత్తటి కుంచెతో పొడి తీసి, మరో మొక్క మీది పువ్వు కీలం కొసన మూడు చీలికలకూ అద్దండి. అదే మొక్క పుప్పొడితో కాయ సరిగా కట్టదు. మీకు రెండు మొక్కలు ఒకేసారి పూస్తున్నాయి కాబట్టి ఇబ్బంది లేదు, కాకపోతే ఆ రెండూ ఒకే దుంప నుంచి విడదీసినవి కాకూడదు. వాన తడిసిన పూట చేయొద్దు, పుప్పొడి ముద్ద కడుతుంది. అండాశయం వారం పది రోజుల్లో పచ్చగా ఉబ్బితే పట్టినట్టు.

ఒక మొక్కకు మూడు నాలుగు కాయలకు మించి ఉంచొద్దు. కాయ నింపడానికీ, కింద కొత్త దుంప ఊరడానికీ తిండి ఒకే ఆకుల నుంచి రావాలి. 40 గ్రాముల ఒంటి కొమ్ము మొక్కకు అసలు వద్దు. దానికి వచ్చే ఏడు పూత కావాలంటే ఈ ఏడు దుంప లావెక్కాలి.

మీ అక్టోబరు వానల్లో కాయ మీద ఆకుమచ్చ తెగులు పాకుతుంది. పాడైన ఆకులు తీసేస్తూ, తీగల మధ్య గాలి ఆడేలా ఉంచండి. కాయ లేత పసుపు దాటి గోధుమ రంగుకు తిరుగుతూ, కొసన చీలిక కనిపించగానే కోసి, పాపకూ కుక్కకూ అందని చోట కాగితం మీద ఆరబెట్టండి. మూడు చెక్కలుగా విచ్చుకుంటుంది. గింజల మీది ఎర్రటి పొరను తడి గుడ్డతో రుద్ది తీసేయాలి. నాటే ముందు ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఇసుక, ఆకుమన్ను చెరి సగం కలిపిన తొట్టిలో సెంటీమీటరు లోతున వేయండి. అన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని నెల రోజులకు, కొన్ని నాలుగైదు నెలలకు వస్తాయి, కాబట్టి మొలవలేదని తొట్టి తిరగబోయొద్దు. మొదటి ఏటి దుంప చిక్కుడు గింజంతే ఉంటుంది. మూడో ఏడో, నాలుగో ఏడో పూస్తుంది, అప్పటిదాకా ఆ తొట్టిలోనే ఉంచి, ఎండిన కాలంలో నీళ్లు మానేసి, మృగశిరకు మళ్లీ మొదలుపెట్టండి.